లాయర్ ఉత్తరం గ్రూపులో పెడుతున్నారా? ఒక్క క్షణం ఆగండి!

2010 ఆగస్టు 6. గూగుల్‌లో టిమ్ లిండ్‌హోమ్ అనే ఇంజనీరు ఒక ఈమెయిల్ రాశాడు. ఆండ్రాయిడ్‌లో వాడిన జావా తమ పేటెంట్లను దెబ్బతీస్తోందని ఒరాకిల్ అప్పటికే గొడవ మొదలుపెట్టింది. జావాకి బదులు ఇంకేమైనా ఉందేమో చూడమని పైవాళ్ళు అడిగారు. ఆయన చూశాడు. ప్రత్యామ్నాయాలేవీ బాగోలేవని, జావాకి లైసెన్సు తీసుకోవాల్సిందేనని తన మనసులో మాట రాసేశాడు. ఆండ్రాయిడ్ అధిపతి ఆండీ రూబిన్‌తో పాటు కంపెనీ లాయరు ఒకాయన్ని కూడా 'టు' లైన్లో చేర్చాడు. లాయర్ల పనికి సంబంధించిన గోప్య పత్రం అని పైన ఒక ముద్ర కూడా పెట్టాడు.

ఆరు రోజుల తర్వాత, ఆగస్టు 12న, ఒరాకిల్ కేసు వేసింది.

ఇక్కడే మనలాంటి వాళ్ళకి నిద్ర పట్టని సంగతి ఒకటుంది. ఆయన ఆ మెయిల్ టైప్ చేస్తున్నప్పుడు కంప్యూటర్ దానంతటదే డ్రాఫ్టులు సేవ్ చేస్తూ పోయింది. వాటిలో ఇంకా 'టు' లైన్ నింపలేదు, గోప్యం అనే ముద్రా పడలేదు. అందుకని లాయర్ల జల్లెడకి దొరక్కుండా, కేసులో భాగంగా ఇచ్చిన కాగితాల కట్టతో పాటు ఆ డ్రాఫ్టులు కూడా అవతలివాళ్ళ చేతికి వెళ్ళిపోయాయి. 'అది లాయర్‌తో మాట్లాడిన రహస్యం, వెనక్కి ఇచ్చేయండి' అని గూగుల్ అడిగింది. కోర్టు కుదరదంది. 2012 ఫిబ్రవరిలో పై కోర్టూ కుదరదంది. ఆ మెయిల్‌లో ఉన్నది వ్యాపార బేరం సంగతి, న్యాయ సలహా కోసం రాసినట్టు గూగుల్ రుజువు చేయలేకపోయింది అన్నది దాని సారం. లాయర్ పేరు చేర్చినంత మాత్రాన ఉత్తరం రహస్యం అయిపోదు.

పేటెంట్ల విషయంలో 2012 మేలో జ్యూరీ గూగుల్ వైపే తీర్పిచ్చింది. కానీ అప్పటికే ఒక ఇంజనీరు మనసులో మాట ప్రపంచమంతా చదివేసింది.

నాకెందుకు ఈ గొడవ?

నేను లాయర్ని కాదు, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. మాది ఆకివీడు. హైదరాబాద్‌లో ఉద్యోగం. చేరిన మొదటి వారంలోనే ట్రైనింగ్‌లో ఒక మాట చెప్పారు: "ఎవరి పేటెంట్ గురించైనా చాట్‌లో, కోడ్ కామెంట్‌లో, టికెట్‌లో అభిప్రాయాలు రాయొద్దు. డౌటుంటే లీగల్‌కి ఫోన్ చేయండి." అప్పుడందరం నవ్వుకున్నాం. ఎందుకు చెప్పారో తెలియాలంటే 'ప్రివిలేజ్' అనే మాట అర్థం కావాలి.

మీరు మీ లాయర్‌తో న్యాయ సలహా కోసం చెప్పిన మాటని కోర్టు కూడా బలవంతంగా బయటపెట్టించలేదు. ఇదే ప్రివిలేజ్. ఎందుకిచ్చారు ఈ రక్షణ? నిజం చెబితే ఇరుక్కుంటానేమోనని క్లయింటు భయపడితే లాయర్‌కి సగం కథే చెబుతాడు. సగం కథ విన్న లాయరు సగం సలహాయే ఇస్తాడు. డాక్టరు దగ్గర రోగం దాచినట్టే.

ముఖ్యమైన సంగతి: ఈ హక్కు లాయర్‌ది కాదు, క్లయింటుది. కాబట్టి వదులుకునే అధికారం కూడా క్లయింటుదే. దీన్నే వేవర్ అంటారు. పేటెంట్ కేసుల్లో అసలు కథంతా ఈ వదులుకోవడం దగ్గరే నడుస్తుంది.

వదిలితే ఒక తంటా, వదలకపోతే ఒక తంటా

అమెరికాలో పేటెంట్ ఉల్లంఘన తెలిసి తెలిసీ చేశారని తేలితే, కోర్టు నష్టపరిహారాన్ని మూడు రెట్ల వరకూ పెంచొచ్చు. అందుకని కంపెనీ ఇలా అంటుంది: "మేం తెలిసి చేయలేదండీ. ముందే లాయర్ని అడిగాం. మీరు చేసేది ఉల్లంఘన కాదని ఆయన రాసిచ్చాడు. ఇదిగో కాగితం."

ఆ కాగితం చూపించారా, ప్రివిలేజ్ వదులుకున్నట్టే. అదీ ఆ ఒక్క కాగితం మేరకే కాదు. అదే విషయం మీద లాయర్లతో నడిచిన మిగతా మాటలు కూడా బయటికి రావాలి. ఒక లాయరు 'ఫర్వాలేదు' అని, ఇంకో లాయరు 'ప్రమాదం' అంటే, మొదటిది చూపించి రెండోది బీరువాలో పెట్టుకోవడం కుదరదు.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఇది మా మావయ్యకి చెప్పాను. ఆయన చెరువుల మనిషి. కొల్లేరు అంచున రొయ్య వేస్తాడు.

"ఏరా, కావల్సిన కాగితం చూపించి మిగతావి మూసుకోవచ్చుగా?"

"కుదరదు మావయ్యా. ఒకటి తీస్తే అదే సంగతి మీద ఉన్నవన్నీ తియ్యాలి."

"అంటే తూము కాదన్నమాట, గండి."

ఇంతకన్నా బాగా ఏ లా పుస్తకమూ నాకు చెప్పలేదు. తూము అయితే మనకి కావల్సినంత నీరు వదిలి మళ్ళీ పలక దించేయొచ్చు. గట్టుకి గండి పడితే ఎంత పోవాలో నిర్ణయించేది మనం కాదు. ప్రివిలేజ్‌ని తూములా వాడుకుందామని చూసిన కంపెనీలకి గండే మిగిలింది.

టీవో కేసులో ఏం జరిగింది?

టీవీ ప్రోగ్రాములు రికార్డ్ చేసే బాక్సు గురించి టీవో అనే కంపెనీ ఎకోస్టార్ మీద టెక్సాస్‌లో పేటెంట్ కేసు వేసింది. మా సొంత లాయర్లని అడిగే ముందుకెళ్ళాం అని ఎకోస్టార్ వాదించింది. తర్వాత బయటి లాయర్ల దగ్గర కూడా సలహా తీసుకుంది గానీ, దాన్ని మాత్రం చూపించనంది. 2006 మేలో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు తేల్చి చెప్పింది: లోపలి లాయర్ మాట అడ్డం పెట్టుకున్నాక, అదే విషయం మీద బయటి లాయర్ల మాటా బయటికి రావాల్సిందే. లాయరు తనలో తాను రాసుకుని, క్లయింటుకి చెప్పని నోట్సుకి మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఆ గొడవ చివరికి 2011లో 50 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది.

అక్కడ చట్టం ఎలా మలుపులు తిరిగిందో చూస్తే, కోర్టులకే ఇది ఎంత చిక్కుముడో తెలుస్తుంది.

1983లో కోర్టు ఏమంది? పక్కవాడి పేటెంట్ గురించి తెలిస్తే లాయర్ని అడిగి తీరాలి, అది నీ బాధ్యత అంది. దాంతో లాయర్ కాగితం చూపించని కంపెనీని 'అందులో చెడు రాసి ఉంటుందిలే' అని అనుమానించడం మొదలైంది. అంటే వదులుకుంటే గుట్టు పోతుంది, వదులుకోకపోతే పరువు పోతుంది. 2004లో క్నోర్ బ్రెమ్సె కేసులో ఆ అనుమానం తప్పన్నారు. 2007లో సీగేట్ కేసులో ఇంకో గోడ కట్టారు. సలహా ఇచ్చిన లాయర్ కాగితాలు చూపించినా, కోర్టులో కేసు వాదిస్తున్న లాయర్‌తో మాట్లాడినవి మామూలుగా బయటికి రావన్నారు. 2011 చట్ట సవరణలో, లాయర్ సలహా తీసుకోలేదన్న దాన్నో, తీసుకున్నా చూపించలేదన్న దాన్నో 'కావాలనే చేశాడు' అనడానికి రుజువుగా వాడొద్దని రాశారు.

2016 జూన్‌లో హేలో కేసు వచ్చింది. ఉల్లంఘన చేసే సమయానికి నీ మనసులో ఏముందో అదే ముఖ్యం అంది అమెరికా సుప్రీంకోర్టు. కోర్టులో కేసు పడ్డాక మంచి వాదన వెతుక్కుంటే సరిపోదు. దాంతో 'అప్పుడు మేమేం అనుకున్నాం' అని చూపించాల్సి వస్తోంది. అది చూపించాలంటే ఆనాటి లాయర్ ఉత్తరమే దిక్కు. గండి కొట్టాలా వద్దా అన్న ప్రశ్న మళ్ళీ మొదటికొచ్చింది.

మన తెలుగు కంపెనీలకు కొత్త కాదు

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనుకోకండి. హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ లాంటి కంపెనీలు అమెరికాలో చవక మందు తేవాలంటే, మొదట దాటాల్సింది పేటెంట్ కేసుల గేటే. మతిమరుపు జబ్బుకి వాడే రివాస్టిగ్మిన్ మందు విషయంలో నోవార్టిస్ డాక్టర్ రెడ్డీస్‌ని, ఇంకొన్ని కంపెనీలని న్యూయార్క్ కోర్టుకి లాగింది. 2006లో అక్కడ పెద్ద చర్చ ప్రివిలేజ్ మీదే నడిచింది. నోవార్టిస్ కొన్ని కాగితాలు రహస్యమంటూ ఆపుకుంది. ఇప్పించమని జెనరిక్ కంపెనీలు అడిగాయి. విదేశంలో పుట్టిన కాగితానికి రక్షణ ఉందా లేదా అన్నప్పుడు, ఆ దేశపు చట్టం ఏమంటోందో కూడా కోర్టు చూసింది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. రేపు మీ స్టార్టప్ అమెరికాలో అమ్మితే, మీరు తాడేపల్లిగూడెంలోనో భీమవరంలోనో కూర్చుని రాసిన మెయిల్‌కి రక్షణ ఉందా అన్న ప్రశ్న రావచ్చు. అప్పుడు మన దేశపు చట్టం ఏమంటోందో వాళ్ళూ అడుగుతారు. మరి మన చట్టం ఏమంటోంది?

మన దగ్గర లెక్క వేరు

2024 జులై 1 నుంచి 1872 నాటి ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది. మన విషయానికి సంబంధించినవి 132, 133, 134 సెక్షన్లు. 

132: క్లయింటు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప అడ్వకేటు ఆ మాటలు బయటపెట్టకూడదు. చట్టవిరుద్ధమైన పని చేయడానికి సాయం అడిగితే మాత్రం ఆ రక్షణ లేదు. 133: మీరు సాక్ష్యం చెప్పినంత మాత్రాన హక్కు వదులుకున్నట్టు కాదు. కానీ మీ అడ్వకేటునే సాక్షిగా పిలిచి ఆ సంగతులు మీరే అడిగితే, వదులుకున్నట్టే. 134: న్యాయ సలహాదారుతో మీరు గోప్యంగా మాట్లాడింది చెప్పమని కోర్టు మిమ్మల్ని బలవంతం చేయదు. మీరే సాక్షిగా బోనెక్కితే, మీరు చెప్పిన సాక్ష్యం అర్థమవడానికి ఎంత కావాలో అంతవరకే అడగొచ్చు.

అంటే మన చట్టంలో కాస్త తూము పోలిక ఉంది. గండి భయం అమెరికాలో ఉన్నంత లేదు. పేటెంట్ చట్టంలో మూడు రెట్ల పరిహారమూ లేదు. 108వ సెక్షన్ ప్రకారం నష్టపరిహారం గానీ, అవతలివాడు సంపాదించిన లాభం లెక్క గానీ అడగొచ్చు. 111వ సెక్షన్ ఇంకో వెసులుబాటు ఇస్తుంది: పేటెంట్ ఉందని తెలియదనీ, తెలిసే అవకాశమూ లేదనీ రుజువు చేసుకుంటే ఆ డబ్బు కట్టక్కర్లేదు. కానీ 'నాకు తెలియదు' అన్నవాడి పాత చాట్‌లో 'వాళ్ళ పేటెంట్ చూశావా బ్రో' అని ఉంటే ఏమవుతుంది?

చాట్ దొరకదులే అనుకుంటున్నారా? పేటెంట్ కేసు మామూలుగా కమర్షియల్ వివాదం కిందకి వస్తుంది. 2015 కమర్షియల్ కోర్టుల చట్టం తెచ్చిన మార్పుల ప్రకారం, కేసుకి సంబంధించి మీ దగ్గరున్న కాగితాలు మీకు అనుకూలమైనా, వ్యతిరేకమైనా బయటపెట్టాలి. ఫోన్‌లో ఉన్నదీ రికార్డే.

ఎవరితో మాట్లాడారన్నదే అసలు ప్రశ్న

132వ సెక్షన్లో ఉన్న మాట 'అడ్వకేట్'. మనలో చాలామంది పేటెంట్ కోసం మొదట వెళ్ళేది అడ్వకేటు దగ్గరికి కాదు, పేటెంట్ ఏజెంటు దగ్గరికి. సైన్సో ఇంజనీరింగో చదివి, పేటెంట్ ఆఫీసు పెట్టే పరీక్ష పాసైతే ఎవరైనా ఏజెంట్ కావచ్చు. మంచి వృత్తి. కానీ లా డిగ్రీ అక్కర్లేదు కాబట్టి అందరు ఏజెంట్లూ అడ్వకేట్లు కారు. అడ్వకేటు కాని ఏజెంటు పేరు ఆ సెక్షన్లో లేదు. అమెరికాలో 2016లో క్వీన్స్ యూనివర్సిటీ కేసులో ఏజెంట్ల పని మేరకు ప్రివిలేజ్ ఉందని కోర్టు ఒప్పుకుంది. మన చట్టంలో అంత స్పష్టత లేదు.

కంపెనీలో జీతానికి ఉండే ఇన్‌హౌస్ లాయర్ సంగతి కూడా తేలిపోయింది. 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు, అడ్వకేట్లని దర్యాప్తు సంస్థలు పిలవడం గురించి ఇచ్చిన తీర్పులో, ఇన్‌హౌస్ లాయర్లకి 132 రక్షణ వర్తించదంది. న్యాయ సలహాదారు హోదాలో 134 కింద కొంత మేరకు మాత్రం ఉంటుందంది. 'లీగల్ టీమ్ గ్రూపులో ఉన్నారుగా' అనే ధీమా పనిచేయదన్నమాట.

ఆకివీడు లెక్కలో చెప్పుకుందాం

మా వైపు తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలిందంటే, రాత్రికి రాత్రి పంట పోయినట్టే. అందుకే ఏరియేటర్లు. వాటిని సెన్సర్‌తో ఫోన్ నుంచి ఆన్ చేసే పరికరాలు తయారుచేయాలని ఇంజనీరింగ్ చదివిన కుర్రాళ్ళకి ఆశ. అలాంటి నలుగురు ఒక కంట్రోలర్ చేశారనుకుందాం. ఒకరోజు పెద్ద కంపెనీ నుంచి నోటీసు వచ్చింది: 'ఇది మా పేటెంట్.'

అడ్వకేటు దగ్గరికెళ్ళారు. ఆయన మూడు పేజీలు రాసిచ్చాడు: 'రెండు విషయాల్లో మీకు బలం ఉంది. మూడోదాంట్లో బలహీనత ఉంది, దాన్ని మార్చుకోండి.' ఇది బంగారం లాంటి సలహా. ఆ సంతోషంలో ఒకడు దాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. ఆ గ్రూపులో నలుగురితో పాటు డీలరు, డబ్బు పెడతానన్న బంధువు, మాజీ పార్ట్‌నరూ ఉన్నారు.

132వ సెక్షన్ అడ్వకేటు నోరు కట్టేస్తుంది. డీలరు నోరు కట్టదు. అలిగి వెళ్ళిపోయిన పార్ట్‌నరు నోరు అసలే కట్టదు. గోప్యంగా మాట్లాడుకున్నాం అని రేపు కోర్టులో అంటే, 'ఇంతమందికి పంపాక గోప్యం ఏముంది?' అని అవతలి లాయరు మొదట అడిగేది అదే. ఆ మూడో విషయం, అంటే మీ బలహీనత, మీరే రాసిచ్చినట్టవుతుంది.

మరి ఏం చేయాలి?

నోటీసు వచ్చిన రోజే అడ్వకేటుని కలవండి. ఏజెంటు టెక్నికల్ సాయం కావాలంటే, అడ్వకేటు ద్వారానే మాట్లాడండి.

అడ్వకేటు ఉత్తరం ఎవరికి తప్పనిసరో వాళ్ళకే ఇవ్వండి. ఇన్వెస్టరు అడిగితే, ఏం చెప్పాలో ఎంత చెప్పాలో ముందు అడ్వకేటునే అడగండి.

న్యాయ సలహా ఒక మెయిల్‌లో, ధర, బేరం, మార్కెట్ కబుర్లు ఇంకో మెయిల్‌లో. రెండూ కలిపితే లిండ్‌హోమ్ మెయిల్ గతే.

డిజైన్ మారుస్తుంటే ఎందుకు మారుస్తున్నారో ఇంజనీరింగ్ కారణాలతో రాయండి. 'దొరక్కుండా' అనే మాట సరదాకి కూడా రాయకండి.

నోటీసు వచ్చాక పాత చాట్లు డిలీట్ చేయకండి. గుట్టు దాచుకోవడం హక్కు, రుజువు మాయం చేయడం నేరం. రెండింటికీ చాలా దూరం ఉంది.

లాయర్ ఉత్తరాన్ని కోర్టులో చూపించాలా వద్దా అన్నది చివరి నిర్ణయం. ఆ ఒక్క కాగితం కాదు, దానితో పాటు ఏమేం వస్తాయో మొత్తం జాబితా ముందేసుకుని అప్పుడు తేల్చుకోండి.

గుట్టుకీ హద్దుండాలి

ఇంకో వైపు కూడా చెప్పాలి. ప్రివిలేజ్ పేరు చెప్పి అన్నీ దాచేసే అలవాటు పెద్ద కంపెనీలకి ఉందన్న ఆరోపణ చిన్నది కాదు. 2022లో అమెరికా న్యాయశాఖ గూగుల్ మీద సరిగ్గా అదే మోపింది: అవసరం లేకపోయినా మెయిల్‌లో లాయర్ని చేర్చమని ఉద్యోగులకి నేర్పారని. అందుకే కోర్టులు పై ముద్ర చూడవు, లోపలి విషయం చూస్తాయి. ఎక్కువ కాగితాలు బయటికొస్తేనే చిన్నవాడికి న్యాయం అనేవాళ్ళూ ఉన్నారు. కొంత నిజమే. పెద్ద కంపెనీ నిజంగా కాపీ కొడితే, ఆ సంగతి తెలిసేది దాని లోపలి మెయిళ్ళలోనే.

కానీ పెద్ద కంపెనీకి వంద మంది లాయర్లు ఉంటారు, ఏ మాట ఎక్కడ రాయకూడదో ట్రైనింగ్ ఇస్తారు. మన కుర్రాళ్ళకి ఉండేది ఒక ఏజెంటు, ఒక గ్రూపు, ఒక ఫోను. వాళ్ళు మొదట తలుపు తట్టేది ఏజెంటుదే. అక్కడ చెప్పిన మాటకే చట్టంలో స్పష్టమైన రక్షణ లేకపోవడం అన్యాయం. ఏజెంటుని పరీక్ష పెట్టి, రిజిస్టర్ చేసి, మా ముందు వాదించమని పేటెంట్ ఆఫీసే పంపుతున్నప్పుడు, ఆయనతో చెప్పిన మాటకి కనీసం ఆ పని మేరకైనా గోప్యత ఇవ్వాలి. ఆ ఒక్క మాట చట్టంలో చేరితే ఏలూరులోనో ఆకివీడులోనో పరికరం కనిపెట్టిన కుర్రాడు దాపరికం లేకుండా నిజం చెప్పుకోగలడు. అంతవరకూ నిజం చెప్పే ముందు, వినేది అడ్వకేటా కాదా అని చూసుకోవాల్సిందే.